ఒక అక్షరం ఎక్కువ, ఒక అక్షరం తక్కువ
(జైన గురుపరంపరలు, తాళపత్ర గ్రంథాలు: స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పేరు నా వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది. నేను మాత్రం మాస్టారు అనే అంటాను. నలభై ఏళ్లలో ఆయన్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి చెప్పుకున్న గుర్తు లేదు. ఇవాళ కొత్తగా నోరు తిరగదు.

మాస్టారు హైస్కూల్లో తెలుగు చెప్పారు. వేసవి సెలవుల్లో సైకిలు మీద ఊళ్లు తిరిగి, అటకల మీంచి తాటాకు కట్టలు దింపించేవారు. ఇచ్చినవాళ్ల దగ్గర తెచ్చుకున్నారు. ఇవ్వనివాళ్ల అరుగు మీదే కూర్చుని ఎత్తి రాసుకున్నారు. నేను మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు నాలుగు ఆకులు చేతికిచ్చి ప్రతి తీయమన్నారు. రెండు రోజులు కూర్చుని, అక్షరాలు గుండ్రంగా దిద్ది పట్టుకెళ్లాను. ఆయన దస్తూరీ వంక చూడనే లేదు. “నువ్వు చదువు, నేను ఆకు చూస్తా” అన్నారు. మూడో ఆకులో ఆపారు. ఒకే మాటతో మొదలయ్యే రెండు పాదాల్లో ఒకదాన్ని మింగేశాను. నా కన్ను ఆ మాట మీంచి ఈ మాట మీదికి దూకేసింది. మాస్టారు కోప్పడలేదు. “ఆకు ఇక్కడుంది గనక సరిపోయిందిరా. ఆకు పోయి నీ కాగితం ఒక్కటే మిగిలితే?” అన్నారు.

ఆ ప్రశ్న వెంటపడి నేను జైన గ్రంథ భాండారాల దాకా వెళ్లాను. తెలుగు మాస్టారి సభలో జైనుల సంగతి ఏమిటని, లోపలికి వస్తుంటే ఒక మిత్రుడు అడిగాడు. చివరికి మన ఊళ్లకే వస్తాను, ఓపిక పట్టమన్నాను.

నా మాట ఇది. గురుపరంపర అంటే వరసగా చదివే పేర్లని అనుకుంటాం. జైనుల చరిత్ర చూస్తే అది ఒక పని అని తెలుస్తుంది: చెప్పడం, ఎత్తి రాయడం, సరిచూడడం. ఆ పని సాగినన్నాళ్లూ పుస్తకం బతుకుతుంది. ఆగినచోట పేర్లు మిగిలి పుస్తకాలు పోతాయి. దీన్ని ఐదు మెట్లుగా చెబుతాను.

1. గొంతులో ఉన్న పుస్తకం

జైన మునికి ఆస్తి ఉండకూడదు. పుస్తకం కూడా ఆస్తే. పైగా ఆకుల మధ్య పురుగులుంటాయి, విప్పి కట్టేటప్పుడు అవి చస్తాయి. అందుకే ముని పుస్తకం ఉంచుకుంటే ప్రాయశ్చిత్తం చేసుకోవాలని పాత శ్వేతాంబర నియమ గ్రంథాలు చెప్పాయి. శాస్త్రమంతా గొంతులో ఉండాలి, గురువు గొంతులోంచి శిష్యుడి గొంతులోకి రావాలి.

ఈ పద్ధతిలో ఎంత ప్రమాదం ఉందో శ్వేతాంబరులు చెప్పుకునే స్థూలభద్రుడి కథలో ఉంది. మౌర్యుల కాలంలో పన్నెండేళ్ల కరువు వచ్చింది. మునులు చెల్లాచెదురయ్యారు. కరువు తీరాక పాటలీపుత్రంలో కూడి, ఎవరికి గుర్తున్నది వారు చెప్పి, శాస్త్రంలోని పన్నెండు అంగాల్లో పదకొండు సమకూర్చుకున్నారు. పన్నెండోదైన దృష్టివాదం మాత్రం ఒక్క భద్రబాహుడికే తెలుసు, ఆయనేమో నేపాళంలో ఉన్నాడు. నేర్చుకురమ్మని స్థూలభద్రుణ్ణి పంపారు. అందులోని పద్నాలుగు పూర్వాల్లో పది నేర్చుకున్నాక, చూడవచ్చిన అక్కచెల్లెళ్ల ముందు స్థూలభద్రుడు తన విద్య చూపించాలని సింహంగా మారి కూర్చున్నాడు. గురువుకు తెలిసింది, పాఠం ఆపేశాడు. ఎంతో బతిమాలాక మిగతా నాలుగూ చెప్పాడు గాని, వాటిని ఇంకెవరికీ చెప్పవద్దని ఆంక్ష పెట్టాడు. అక్కడితో ఆ నాలుగూ పోయాయి.

కథలో నన్ను పట్టుకున్నది సింహం కాదు, ఆంక్ష. విద్య స్థూలభద్రుడికి వచ్చింది. అతడి నుంచి ముందుకు వెళ్లలేదు. వెళ్లని విద్య రానిదానితో సమానమైంది.

ఇలా అరుగుతూ వచ్చి, మహావీర నిర్వాణం తర్వాత 980వ ఏటనో 993వ ఏటనో, అంటే క్రీ.శ. 5వ శతాబ్దం నడుమ, గుజరాత్‌లోని వలభిలో దేవర్ధిగణి క్షమాశ్రమణుడి పెద్దరికంలో సభ కూడి గ్రంథాలన్నీ రాయించింది. అంతకుముందు మథురలో స్కందిలుడు, వలభిలో నాగార్జునుడు విడివిడిగా పాఠాలు స్థిరపరిచి ఉన్నారు. ఇద్దరూ పెద్దలే. ఇద్దరి పాఠాలూ అన్నిచోట్లా కలవలేదు. కలవనిచోట నాగార్జునుడి వారు ఇలా చదువుతారు అన్న గుర్తు వ్యాఖ్యానాల్లో నిలిచిపోయింది. ఒక పాఠాన్ని ఒప్పుకుంటూ రెండోదాన్ని చెరిపేయకుండా పక్కన ఉంచారు. మన పండితులు అడుగున పాఠాంతరం చూపించే పద్ధతికి ఇది 1500 ఏళ్ల ముందరి రూపం.

2. గిర్నారు గుహలో పరీక్ష

దిగంబరుల సంప్రదాయం వేరు. ఆ పాత అంగాలు మిగల్లేదని, వాటిలో కొద్ది భాగమే దక్కిందని వారు నమ్ముతారు. ఆ కొద్ది భాగం దక్కిన కథ 9వ శతాబ్దపు ధవళ వ్యాఖ్యానంలో ఉంది. ఇందులో మన ప్రస్తావన వస్తుంది, కాస్త చెవి ఒగ్గండి.

గిర్నారు కొండ మీద చంద్రగుహలో ధరసేనుడనే వృద్ధాచార్యుడు ఉన్నాడు. తనతో విద్య పోతుందని భయపడి, మహిమ అనే చోట కూడిన దక్షిణాపథ ఆచార్యులకు లేఖ పంపాడు. వారు ఇద్దరు యువ మునుల్ని ఎంచి పంపారు. ఎక్కణ్ణుంచి? ఆంధ్ర విషయంలోని వెణ్ణా నదీ తీరం నుంచి. ఆ వెణ్ణా మన కృష్ణవేణి అవునా కాదా అని పండితులు వాదించుకోనివ్వండి. ఆంధ్ర అన్న మాట మాత్రం వ్యాఖ్యానంలో స్పష్టంగా ఉంది.

వచ్చిన ఇద్దరికీ ధరసేనుడు వెంటనే పాఠం మొదలుపెట్టలేదు. చెరో మంత్రం ఇచ్చి, ఉపవాసం ఉండి సాధించమన్నాడు. ఒక మంత్రంలో ఒక అక్షరం ఎక్కువ పెట్టాడు, రెండోదాంట్లో ఒక అక్షరం తగ్గించాడు. సాధన ఫలించి ఇద్దరు దేవతలు ప్రత్యక్షమయ్యారు. ఒకరికి పళ్లు ఎత్తు, ఇంకొకరికి ఒకటే కన్ను. దేవతలు ఇలా ఉండరే అని కుర్రవాళ్లు ఆలోచించారు. లోపం దేవతల్లో లేదు, పాఠంలో ఉందని పట్టుకున్నారు. మంత్ర వ్యాకరణం ప్రకారం ఎక్కువైన అక్షరం తీసి, తగ్గిన అక్షరం చేర్చి, మళ్లీ జపించారు. ఈసారి దేవతలు చక్కటి రూపాల్లో వచ్చారు. అప్పుడు గాని గురువు పాఠం మొదలుపెట్టలేదు.

గ్రంథ పరిష్కరణ గురించి ఇంతకంటే మంచి కథ నేను ఎక్కడా వినలేదు. గురువు ఇచ్చింది గనక ఒప్పే అనుకుని ఊరుకుని ఉంటే ఆ శిష్యులు పరీక్ష తప్పేవారు. తమకు తోచినట్టు దిద్దినా తప్పేవారే. వాళ్లు దిద్దింది వ్యాకరణం పట్టుకుని. భక్తీ ఉండాలి, అనుమానమూ ఉండాలి. ధరసేనుడికి కావలసిన శిష్యుడు అలాంటివాడు.

ఆ ఇద్దరికీ పుష్పదంతుడు, భూతబలి అని పేర్లు వచ్చాయి. పుష్పదంతుడు వనవాసికి వెళ్లి తొలి భాగం సూత్రాలు రచించి, జినపాలితుడనే శిష్యుడికి చెప్పి, అతణ్ణే ద్రవిడ దేశంలోని భూతబలి దగ్గరికి పంపాడు. పుష్పదంతుడికి ఆయుష్షు ఎక్కువ లేదని గ్రహించిన భూతబలి మిగతాది పూర్తి చేశాడు. అదే షట్ఖండాగమం. అది పూర్తయి పూజ అందుకున్న జ్యేష్ఠ శుద్ధ పంచమిని దిగంబరులు శ్రుతపంచమిగా జరుపుకుంటారు. శ్వేతాంబరులకు కార్తీక శుద్ధ పంచమి జ్ఞానపంచమి. ఆ రోజు కట్టలు విప్పి, దుమ్ము దులిపి, పూజ చేస్తారు. వానాకాలం చెమ్మ పట్టిన ఆకులకు ఆ వేళ గాలి తగలడం ఎంత అవసరమో ఈ సభలో తాటాకు పట్టినవారికి నేను చెప్పక్కర్లేదు.

3. సగంలో ఆగిన పుస్తకం ఎవరిది?

షట్ఖండాగమం మీద వీరసేనుడు 816లో ముగించిన వ్యాఖ్యానం ధవళ. దాని కొలత 72,000 గ్రంథాలు. ఒక గ్రంథం అంటే ముప్పై రెండు అక్షరాలు, లెక్క మీరే వేసుకోండి. తర్వాత ఆయన కసాయపాహుడం అనే మరో పాత శాస్త్రం మీద జయధవళ మొదలుపెట్టి, 20,000 గ్రంథాలు రాసి కన్నుమూశాడు. శిష్యుడు జినసేనుడు ఇంకో 40,000 రాసి 837లో ముగించాడు. ఆ జినసేనుడే మహాపురాణం మొదలుపెట్టి సగంలో వెళ్లిపోతే ఆయన శిష్యుడు గుణభద్రుడు పూర్తి చేశాడు. మూడు తరాల్లో రెండుసార్లు గురువు ఆపిన చోట శిష్యుడు గంటం అందుకున్నాడు.

ముని రాస్తే సరిపోదు. ఆకు కొనాలి, లేఖకుడికి తిండి పెట్టాలి, ప్రతులు తీయించాలి. ఈ భారం గృహస్థులు మోశారు. పుస్తకం రాయించి ఇవ్వడం శాస్త్రదానం, అన్నదానంతో సమానం. ఇక్కడా మనవాళ్లున్నారు. 10వ శతాబ్దంలో వేంగీ విషయంలోని కమ్మనాటి పుంగనూరుకు చెందిన మల్లప, పున్నమయ్య అనే అన్నదమ్ములు, తమ గురువు జినచంద్రుడు పోయినప్పుడు ఆయన జ్ఞాపకంగా పొన్నకవి చేత కన్నడంలో శాంతిపురాణం రాయించారు. ఇది కూడా స్మారకమే. వాళ్లు ఉపన్యాసం పెట్టించకుండా పుస్తకం రాయించారు. కమిటీవారు మన్నించాలి! మల్లప కూతురు అత్తిమబ్బె ఆ శాంతిపురాణానికి వెయ్యి ప్రతులు తీయించి పంచిందని ప్రసిద్ధి. అచ్చుయంత్రం లేని రోజుల్లో వెయ్యి ప్రతులంటే ఎన్ని చేతులు, ఎన్ని కళ్లు!

ఆ చేతుల బాధ గ్రంథాల చివర కనిపిస్తుంది. నడుము వంగింది, మెడ పట్టింది, చూపు మందగించింది, నీటి నుంచీ నూనె నుంచీ మూర్ఖుడి చేతి నుంచీ నన్ను కాపాడండి అన్న అర్థం వచ్చే మాటలు దేశమంతటా లేఖకులు రాసుకున్నారు. చూసినట్టే రాశాను, తప్పుంటే నన్ననకండి అని ఇంకో మాట. నా మూడో ఆకు పొరపాటు రోజు ఈ శ్లోకం తెలిసుంటే మాస్టారికి అప్పజెప్పేవాణ్ణి. ఆయన వినేవారు కాదనుకోండి.

4. తాళం చెవి

ఇంతవరకూ పరంపరను మెచ్చుకున్నాను. ఇప్పుడు రెండో వైపు చూద్దాం. కాపాడే చెయ్యే తాళం వేస్తుంది.

ధవళ, జయధవళల పాత తాళపత్ర ప్రతులు కర్ణాటకలోని మూడబిద్రి సిద్ధాంత బసదిలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. పాత కన్నడ లిపి. కొన్ని ఆకుల మీద రంగుబొమ్మలున్నాయి. యాత్రికులు వచ్చి దర్శనం చేసుకుని, హారతి ఇచ్చి వెళ్లేవారు. చదివేవాళ్లు లేరు. గ్రంథం విగ్రహమైపోయింది.

19వ శతాబ్దం చివర బొంబాయి, షోలాపూర్ వర్తకులు ఆ ఆకుల స్థితి చూసి కంగారుపడ్డారు. పెద్దల్ని ఒప్పించి 1896లో ప్రతులు తీయించడం మొదలుపెట్టారు. ఆ పని 1922 దాకా, ఇరవై ఆరేళ్లు నడిచింది. ప్రతి మాత్రం బయటికి పోకూడదు. పని చేస్తున్న గజపతి ఉపాధ్యాయ, భార్య లక్ష్మీబాయి సాయంతో గుట్టుగా ఇంకో కన్నడ ప్రతి తీసుకున్నాడు. అది ఉత్తరాన సహారన్‌పూర్ చేరింది. అక్కడ దాన్ని నాగరిలోకి రాసిన సీతారామ శాస్త్రి తనకోసం గుట్టుగా మరో ప్రతి ఉంచుకున్నాడు. ఆయన ప్రతి నుంచే మిగతా ఊళ్లకు పాకింది. ఈ ప్రతుల మీద ఆధారపడి హీరాలాల్ జైన్ సంపాదకత్వంలో ధవళ మొదటి సంపుటం 1939లో అమరావతి నుంచి వెలువడింది. ఇది విదర్భలోని అమరావతి, మనది కాదు. పదహారు సంపుటాలూ పూర్తయ్యేసరికి 1958 వచ్చింది. దొంగచాటు ప్రతిని దొంగతనం అందామా, శాస్త్రదానం అందామా? నేను చాలాసార్లు అటూ ఇటూ ఊగి, చివరికి లక్ష్మీబాయి పక్షాన నిలబడ్డాను.

మొదటి సంపుటంలోనే ఒక తగువు పుట్టింది. 93వ సూత్రం స్త్రీలు ఏయే ఆధ్యాత్మిక దశల్లో ఉండగలరో చెబుతుంది. ఆ వరసలో ‘సంజదాసంజద’ అనే మాట వస్తుంది, అంటే సగం సంయమం ఉన్న దశ. దాని తర్వాత ‘సంజద’ అంటే పూర్తి సంయమం. సంపాదకుల దగ్గరున్న ప్రతుల్లో ఆ రెండోది లేదు. అర్థాన్ని బట్టి అక్కడ ఉండి తీరాలని వాళ్లు అడుగున గుర్తు పెట్టారు. స్త్రీ శరీరంతో మోక్షం లేదన్నది దిగంబర సిద్ధాంతం. అందుకని ఈ ఒక్క మాట ఉందా లేదా అన్నదాని మీద పెద్ద వాదం నడిచింది. తర్వాత మూడబిద్రి ఆకులతో సరిచూస్తే అక్కడ ‘సంజద’ ఉంది! దానికి సిద్ధాంతంతో పొసిగే అర్థం వేరే చెప్పుకున్నారు, అది వేరే సంగతి.

ఆ మాట ఎలా జారిందో నాకు తెలిసినట్టే ఉంటుంది. ‘సంజదాసంజద’ తర్వాత మళ్లీ ‘సంజద’. ఒకే ధ్వని మూడుసార్లు. కన్ను ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకింది. దూకిందా, దూకించారా అని వాదించినవాళ్లు లేకపోలేదు. మాస్టారి ఇంటి వరండాలో దూకిన నా కన్నును బట్టి నేను మొదటిదే నమ్ముతాను. గిర్నారు గుహలో ఒక అక్షరం తగ్గితే దేవతకు ఒక కన్నే వచ్చింది. ఇక్కడ ఒక మాట తగ్గితే స్త్రీ జాతికి ఒక మెట్టు తగ్గింది.

5. రాగి మిగిలింది, తాటాకు పోయింది

ఇక మన ఊళ్లకు వస్తున్నాను.

తూర్పు చాళుక్య రాజు రెండో అమ్మరాజు 10వ శతాబ్దంలో అత్తిలినాటిలోని కలుచుంబర్రు గ్రామాన్ని సర్వలోకాశ్రయ జినభవనం అన్నసత్రం బాగుచేయడానికి ఇచ్చాడు. అడిగి ఇప్పించినామె చామెకాంబ. ఆ శాసనంలో ఆమె గురువుల వరస ఉంది: సకలచంద్రుడు, ఆయన శిష్యుడు అయ్యపోటి, ఆయన శిష్యుడు అర్హనంది. వలహారి గణం, అడ్డకలి గచ్ఛం. అదే రాజు ఇచ్చిన మలియపూండి శాసనంలో యాపనీయ సంఘం అనే జైన శాఖలోని నందిగచ్ఛం గురువుల పేర్లున్నాయి. ఇంత స్పష్టమైన గురుపరంపరలు మన గోదావరి, కృష్ణా, ఒంగోలు సీమల్లో ఉండేవి. వాళ్లు చదివిన పుస్తకాలేవి? వాళ్లు శిష్యులకు చెప్పిన పాఠాలేవి? అత్తిలిలో అడిగితే ఒక్క ఆకు దొరకదు.

నన్నయకు ముందు జైనులు తెలుగులో రాశారు, వాటిని తగలబెట్టారు అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాం. తగలబెట్టలేదని వాదించడానికి నేను రాలేదు. ఒక్క మాట అంటాను: తాటాకు పోవడానికి నిప్పు అక్కర్లేదు. మన ఉక్కలో, మన చెదల్లో, ఎవరూ విప్పని కట్టకు కొన్ని తరాలు చాలు. శిష్యుడు లేని ఏడాది నుంచే పుస్తకం కాలడం మొదలవుతుంది, పొగ కనిపించదు.

నిదర్శనాలు చూడండి. కరీంనగర్ జిల్లా కుర్క్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన తెలుగు కంద పద్యాలున్నాయి. అవి రాతి మీద ఉన్నాయి గనక, ప్రతి తీసేవాడు లేకపోయినా బతికాయి. ఆయన అన్న పంపకవి కావ్యాలు తాటాకు మీదే బతికాయి, ఎందుకంటే కన్నడ దేశంలో వాటిని చదివేవాళ్లు, ఎత్తి రాసేవాళ్లు తెగిపోలేదు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం జైన గ్రంథం. దాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు చేశాడు. జైన ఛాయలు పోయి శివుడు వచ్చాడు, లెక్కలు మాత్రం నిలిచాయి. లెక్కలు మన కరణాలకూ కావాలి, కాబట్టి వాళ్లు కాపాడారు.

యాపనీయుల కథ ఇంకా వింతగా ఉంటుంది. ఆ సంఘం మొత్తం కనుమరుగైంది. ఆ సంఘానికి చెందిన శాకటాయనుడు స్త్రీలకు మోక్షం ఉందని వాదిస్తూ స్త్రీనిర్వాణ ప్రకరణం రాశాడు. అది శ్వేతాంబరుల భాండారాల్లో దొరికింది. ఆ వాదం వాళ్లకు పనికొచ్చింది గనక ఇంకొకరి బిడ్డను పెంచుకున్నారు. పాటన్ భాండారంలో 1926లో బయటపడిన తత్త్వోపప్లవసింహం సంగతి చెప్పి ముగిస్తాను. జయరాశి భట్టు అందులో ఏ ప్రమాణమూ నిలవదని వాదించాడు, జైనుల ప్రమాణాలతో సహా. దాన్ని కూడా ఎవరో నడుము వంచి ఎత్తి రాశారు, జైనులు దాచారు. ఎదుటివాడి వాదం తెలియకుండా ఓడించలేం కదా. ఇవాళ మనకు ఆ పుస్తకం ఉందంటే అది ఆ ప్రతిపక్షులు పెట్టిన భిక్ష.

ఈ పుస్తకాల్ని కాపాడినవాళ్లందరికీ అవి ప్రియమైనవి కాకపోవచ్చు. వాటితో పని ఉంది. పని ఉన్నచోట ప్రతి పుట్టింది. చామెకాంబ గురువుల పుస్తకాలతో మన నేల మీద ఎవరికీ పని లేకపోయింది.

మాస్టారి దగ్గరికి వచ్చి ఆపుతాను. ఆయన చివరిగా తెచ్చుకున్న కట్ట ఒక ఊరి వైద్యుల ఇంట్లోది. ఆకులు నూట పన్నెండు. అరవై ఏడో ఆకు దాకా నోటుబుక్కులో ఎత్తి రాశారు. అరవై ఎనిమిదో ఆకు మొదటి పంక్తి సగంలో కలం ఆగింది. ఆ నోటుబుక్కు అమ్మగారు నాకు ఇచ్చారు. జినసేనుడితో పోల్చుకునే ధైర్యం నాకు లేదు గాని, మిగిలిన ఆకులు రెండేళ్లు కూర్చుని రాశాను. నిరుడు దీపావళికి అయింది.

ఇంకా సరిచూడలేదు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. ఒకరు చదవాలి, ఒకరు ఆకు చూడాలి. నా కన్ను ఎక్కడ దూకుతుందో మీకు ఇందాకే చెప్పాను. ఆ కట్ట, ఆ నోటుబుక్కు ఈ గ్రంథాలయంలోనే, పక్క గదిలో ఉన్నాయి. రేపు ఉదయం పది గంటలకు నేను అక్కడ ఉంటాను. గంటం పట్టడం రాకపోయినా ఫరవాలేదు, తెలుగు చదవడం వస్తే చాలు. కళ్లజోడు ఉన్నవాళ్లు తెచ్చుకోండి.

సెలవు.